పక్షవాతం: మెదడులో రక్తం ఎక్కడ ఆగిందో స్కాన్ ఎలా చెబుతుంది?



"సిస్టరమ్మా, ఫొటో తీస్తే చెయ్యి లేస్తుందా?"

ఈ ప్రశ్న వార్డులో నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. పక్షవాతం వచ్చిన మనిషిని వెంటనే పట్నం తీసుకెళ్ళి తలకు స్కానింగ్ చేయించమని చెప్పగానే మన వాళ్ళకు వచ్చే మొదటి సందేహం ఇదే. అప్పు చేసి, బండి కట్టుకుని, అంత దూరం పోయి ఒక ఫొటో తీయించుకుంటే ఏం లాభం అని వారి బాధ. అది తప్పు కాదు. ఫొటో తీసినంత మాత్రాన చెయ్యి లేవదు. కాని ఆ చెయ్యిని ఆడించే మెదడు భాగం చచ్చిపోయిందా, లేక ఇంకా బ్రతికి ఉండి రక్తం కోసం ఎదురు చూస్తోందా అన్నది ఆ ఫొటోయే చెబుతుంది. దాన్ని బట్టే వైద్యం ఉంటుంది. ఈ నెల ఆ సంగతి వివరంగా తెలుసుకుందాం.

నేను అడగని ప్రశ్న

ముందు నా పొరపాటు ఒకటి చెప్పాలి. సుమారు పదిహేనేళ్ళ కిందట ఒక ఉదయం ఆరున్నరకు ఒక రైతును ఆటోలో తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. ఇంటివాళ్ళను అడిగితే, "రాత్రి ఎనిమిదికి తిని పడుకున్నాడు. పొద్దున్న చూసేసరికి అరుగు పక్కన పడి ఉన్నాడు" అన్నారు. నేను రిఫరల్ చీటీలో "నిన్న రాత్రి 8 గంటలకు బాగున్నారు" అని రాసి పంపాను. తొమ్మిది గంటలకు వారు పట్నం ఆసుపత్రికి చేరారు. అక్కడి డాక్టరు గారు చీటీ చూశారు. పదమూడు గంటలు దాటిపోయాయి కాబట్టి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేమన్నారు. చీటీలో ఉన్నదాన్ని బట్టి ఆయన చేసింది సరైనదే.

నెల తర్వాత ఆ రైతు ఇంటికి వెళ్ళాను. పొరుగింటి ముసలమ్మ మాటల్లో ఇలా అంది: "ఆ రోజు తొలి బస్సు హారన్ కొట్టినప్పుడు మా పొయ్యి దగ్గరకొచ్చి చుట్టకు నిప్పు పట్టుకెళ్ళాడమ్మా. వాన పడేలా ఉందని కూడా అన్నాడు." తొలి బస్సు వచ్చేది అయిదున్నరకు. అంటే అయిదున్నరకు ఆయన నడిచాడు, మాట్లాడాడు. పట్నం చేరేసరికి అయింది పదమూడు గంటలు కాదు, మూడున్నర గంటలే. ఇంజెక్షన్‌కు ఇంకా గంట గడువు ఉంది. ఇస్తే బాగుపడేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. కాని ఆ అవకాశం నా చీటీలోని ఒక్క వాక్యంతో పోయింది. ఆయన కుడి చెయ్యి మళ్ళీ కొడవలి పట్టలేదు.

"రాత్రి నుంచి పొద్దున్న లోపల ఇంకెవరైనా చూశారా?" అని నేను అడగలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మెదడు ఆకలి ఎంత?

మన శరీర బరువులో మెదడు వంతు నూటికి సుమారు 2 పాళ్ళు. కాని శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 పాళ్ళు అదే తీసుకుంటుంది. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం మెదడు గుండా ప్రవహిస్తుంది. కండరం కొంతసేపు రక్తం లేకున్నా ఓర్చుకుంటుంది. మెదడు ఓర్చుకోలేదు. దానికి నిల్వ ఉంచుకునే గాదె లేదు.

మెదడులో ప్రతి 100 గ్రాముల భాగానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20కి తగ్గితే ఆ భాగం పని ఆపేస్తుంది, కాని చావదు. 10 కంటే తగ్గితే కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్క కట్టారు.

ఇది మన పొలంతో పోల్చుకుంటే సులభంగా అర్థమవుతుంది. పంట కాలువకు ఒకచోట అడ్డం పడింది. దాని కిందే ఉన్న మడి త్వరగా ఎండిపోతుంది. పక్క మడులకు మాత్రం వేరే గట్ల నుంచి కొంత ఊట అందుతుంది. అక్కడి వరి ఆకు చుట్టుకుపోతుంది, వాడిపోతుంది, కాని వేరు బ్రతికే ఉంటుంది. అడ్డం తీసి సాయంత్రంలోగా నీళ్ళు పెడితే లేస్తుంది. మర్నాటి దాకా ఆగితే అదీ ఎండిన మడిలో కలుస్తుంది.

పక్షవాతం వచ్చిన మెదడులో కూడా ఈ రెండు భాగాలు ఉంటాయి. ఎండిన మడిని "కోర్" అంటారు. వాడిన మడిని "పెనుంబ్రా" అంటారు. 1981లో ఆస్ట్రుప్, సీస్యో, సైమన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ రెండవ భాగం గురించి స్పష్టంగా రాశారు. పైకి చూస్తే రెండూ ఒకటే. రెండు భాగాలూ పని చేయవు, చెయ్యి లేవదు. ఏది చచ్చింది, ఏది బ్రతికింది అన్నది మంచం పక్కన నిలబడి చెప్పడం నాకే కాదు, ఎంత పెద్ద డాక్టరుకైనా సాధ్యం కాదు. అందుకే స్కాన్ కావాలి.

మొదటి ఫొటో: సాదా సి.టి. స్కాన్

పుర్రె తెరవకుండా మెదడును పొరలు పొరలుగా చూపే సి.టి. స్కాన్‌ను మొదటిసారి ఒక రోగికి చేసింది 1971 అక్టోబరు 1న, లండన్‌లో. దాన్ని తయారు చేసిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని వెనుక ఉన్న లెక్కను కనిపెట్టిన అలన్ కార్మాక్‌కు కలిపి 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పక్షవాతంలో రెండు రకాలున్నాయి. రక్తనాళం మూసుకుపోవడం ఒకటి, చిట్లి రక్తం కారడం రెండవది. మొదటి దానికి గడ్డ కరిగించే మందు ఇస్తారు. రెండవ దానికి అదే మందు ఇస్తే ప్రాణం పోతుంది. కారిన రక్తం సి.టి.లో వెంటనే తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి సి.టి. చూడకుండా గడ్డ కరిగించే మందు ఇవ్వరు. ఇంటి దగ్గర ఆస్పిరిన్ బిళ్ళ వేయవద్దని మేము చెప్పేదీ ఇందుకే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. నాళం మూసుకుపోయిన పక్షవాతంలో మొదటి కొన్ని గంటలు సాదా సి.టి. చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. "స్కాన్ నార్మల్ అన్నారు, ఏమీ లేదు" అనుకుని ఇంటికి తీసుకొచ్చేసిన వారిని నేను చూశాను. ఆ ఫొటోలో రక్తస్రావం లేదని మాత్రమే దాని అర్థం. పక్షవాతం లేదని కాదు. నిజానికి అది మంచి కబురు. వైద్యానికి దారి ఇంకా తెరిచే ఉందని అది చెబుతోంది.

రెండవ ఫొటో: అడ్డం ఎక్కడ?

చేతి నరంలోకి కంట్రాస్టు మందు ఎక్కించి, అది మెడలోని, తలలోని రక్తనాళాల్లో పోతుండగా తీసే ఫొటోను సి.టి. యాంజియోగ్రాం అంటారు. కాలువల పటం గీసినట్టు నాళాలన్నీ కనిపిస్తాయి. ఎక్కడ తెగిపోయినట్టు ఉంటే అక్కడ అడ్డం ఉన్నట్టు.

మన తెలుగువారి విషయంలో ఇది మరీ ముఖ్యం. హైదరాబాదులోని నిమ్స్ వైద్యులు తమ వద్దకు వచ్చిన పక్షవాతం రోగులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్ద రక్తనాళాలు ఇరుకు కావడమే ఎక్కువమందికి కారణమని, ఆ ఇరుకు మెడలో కంటే పుర్రె లోపలి నాళాల్లో ఎక్కువగా ఉందని అందులో తేలింది. కాబట్టి మెడ వరకు చూసి ఆగిపోతే చాలదు. లోపలి నాళాలను కూడా చూడాలి.

మూడవ ఫొటో: రక్తం నడక

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాలువ పటం ఉన్నంత మాత్రాన ఏ మడికి ఎంత నీరు అందుతోందో తెలియదు. దానికి ఒక ఉపాయం ఉంది. కాలువ మొదట్లో పసుపు కలిపి, గట్టు మీద నిలబడి చూడాలి. పసుపు నీరు ఏ మడికి ముందు చేరింది? ఏ మడికి ఆలస్యంగా చేరింది? ఏ మడికి అసలు చేరలేదు?

సి.టి. పర్ఫ్యూజన్ అనే స్కాన్ సరిగ్గా ఇదే చేస్తుంది. కంట్రాస్టు మందును వేగంగా ఎక్కించి, సుమారు ఒక నిమిషం పాటు మెదడుకు వెంట వెంటనే ఫొటోలు తీస్తారు. కంప్యూటరు ప్రతి చుక్క దగ్గర మందు ఎప్పుడు వచ్చింది, ఎంత వచ్చింది, ఎంతసేపటికి పోయింది అని లెక్క కట్టి రంగుల పటం గీస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న లెక్క ప్రకారం, రక్తం రావడం 6 సెకన్ల కంటే ఎక్కువ ఆలస్యమైన భాగమంతా ఆకలితో ఉన్న భాగం. అందులో రక్త ప్రవాహం మామూలులో 30 శాతం కంటే తగ్గిన చోటు చాలావరకు చచ్చిన భాగం. మొదటి దాంట్లోంచి రెండవది తీసేస్తే మిగిలేది మనం కాపాడుకోగలిగిన మెదడు.

ఈ మిగులు పెద్దదైతే డాక్టర్లు తొందరపడతారు. మిగులు లేకపోతే, నాళం తెరిచినా లాభం తక్కువ, రక్తస్రావం ప్రమాదం ఎక్కువ అని ఆలోచిస్తారు. అయితే ఈ పటం కూడా అంచనాయే. మనిషి కదిలినా, గుండె బలహీనంగా ఉన్నా లెక్క తప్పవచ్చు. అందుకే పటాన్నీ రోగినీ కలిపి చూసి నిర్ణయిస్తారు.

గడియారంలా పనిచేసే ఎం.ఆర్.ఐ.

నిద్రలో పక్షవాతం వచ్చిన వారి సంగతి ఏమిటి? ఎప్పుడు వచ్చిందో చూసినవారు లేరు. ఇక్కడ ఎం.ఆర్.ఐ. సహాయపడుతుంది. అందులో డిఫ్యూజన్ అనే ఒక రకం ఫొటోలో దెబ్బతిన్న భాగం కొద్ది నిమిషాల్లోనే మెరుస్తుంది. ఫ్లెయిర్ అనే ఇంకో రకం ఫొటోలో అదే భాగం కనబడడానికి గంటలు పడుతుంది. మొదటి దాంట్లో కనబడి రెండవ దాంట్లో కనబడకపోతే, పక్షవాతం వచ్చి బహుశా నాలుగున్నర గంటలు దాటలేదన్నమాట.

ఐరోపాలో దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఇలా ఎంపిక చేసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన వారిలో నూటికి 53 మంది ఇబ్బంది ఏమీ లేకుండా లేదా కొద్దిపాటి ఇబ్బందితో కోలుకున్నారు. ఇవ్వని వారిలో 42 మంది. రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ తీసుకున్న వారిలో కొంత ఎక్కువ. కాబట్టి ఇది అందరికీ కాదు, ఫొటో చూసి ఎంచిన వారికే.

ఆలస్యమైనా ఆశ ఉందా?

గడ్డ కరిగించే ఇంజెక్షన్ 3 గంటల లోపల ఇస్తే మేలని 1995లో, నాలుగున్నర గంటల వరకు మేలేనని 2008లో రుజువైంది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే చికిత్స 2015 నుంచి నిలదొక్కుకుంది. మొదట అది 6 గంటల లోపలే అనుకున్నారు.

స్కాన్ ఆ గడువును మార్చింది. 2018లో ప్రచురించిన రెండు పరిశోధనల్లో 6 గంటలు దాటిన రోగులను తీసుకుని, స్కాన్‌లో కాపాడదగిన మెదడు మిగిలి ఉన్నవారిని ఎంపిక చేశారు. ఒకదానిలో 24 గంటల వరకు, రెండవదానిలో 16 గంటల వరకు గడ్డను లాగారు. మొదటిదానిలో మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు నూటికి 49 మంది. ఆ చికిత్స చేయని వారిలో 13 మంది మాత్రమే. రెండవదానిలో 45, 17.

దీన్ని చదివి "24 గంటలు ఉంది కదా" అని కూర్చోవద్దు. ఊట బాగా అందే అదృష్టవంతుల లెక్క అది. ఎవరికి ఊట ఉందో, ఎవరికి లేదో ముందుగా తెలియదు. కాబట్టి త్వరగా పోవాలి. ఆలస్యమైనా సరే పోవాలి. "రాత్రే పడిపోయాడు, ఇంక ఎందుకులే" అని ఎవరినీ ఇంట్లో వదిలేయవద్దు.

మనలాంటి కొండ ప్రాంతాల వారు ఏం చేశారు?

కురుపాం, గుమ్మలక్ష్మీపురం, కొమరాడ మండలాల కొండ ఊళ్ళ నుంచి మనిషిని డోలీలో రోడ్డుకు దించి, పార్వతీపురం మీదుగా విజయనగరమో విశాఖపట్నమో చేర్చేసరికి ఎంత సమయం పోతుందో మీకు తెలుసు. ఈ కష్టం మన ఒక్కరిదే కాదు.

హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి, సి.టి. ఉన్న చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లు స్కాన్ ఫొటోను ఫోన్‌లో నరాల నిపుణులకు పంపి, వారి సలహాతో అక్కడే ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. అస్సాంలోని తేజ్‌పూర్‌లో మనలాంటి ఒక మిషన్ ఆసుపత్రిలో, బాప్టిస్ట్ క్రిస్టియన్ హాస్పిటల్లో, భారత వైద్య పరిశోధన మండలి సహాయంతో మామూలు ఫిజీషియన్లే నడిపే పక్షవాత విభాగం ఏర్పడింది. సి.టి. యంత్రాన్ని బండిలోనే పెట్టి రోగి దగ్గరకు తీసుకెళ్ళే పద్ధతి 2008లో జర్మనీలో మొదలై, తర్వాత అస్సాం వరకు వచ్చింది. నిపుణుడు ఊళ్ళో లేకపోయినా ఫొటో, ఫోను, శిక్షణ పొందిన నర్సు ఉంటే పని జరుగుతుందని ఇవి చెబుతున్నాయి.

సూది లేకుండా రక్తం వేగం చూడటం

మన గిరిజన కుటుంబాలు తెలుసుకోవలసిన ఇంకొక పరీక్ష ఉంది. 1982లో రూనె ఆస్లిడ్ అనే శాస్త్రజ్ఞుడు కణత దగ్గర పుర్రె పలుచగా ఉండే చోటు నుంచి శబ్ద తరంగాలు పంపి, మెదడు నాళాల్లో రక్తం వేగాన్ని కొలిచే పద్ధతి చూపించారు. దీన్ని ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అంటారు. సూది లేదు, రేడియేషన్ లేదు.

సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. ఈ జబ్బు గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. అటువంటి పిల్లలకు 2 నుంచి 16 ఏళ్ళ మధ్య ఈ పరీక్ష చేస్తారు. వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పక్షవాతం ప్రమాదం ఎక్కువ. అటువంటి పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే ఆ ప్రమాదం 90 శాతం వరకు తగ్గిందని 1998లో అమెరికాలో రుజువైంది. మీ బిడ్డకు సికిల్ సెల్ జబ్బు ఉందని తేలితే ఈ పరీక్ష గురించి డాక్టరు గారిని తప్పక అడగండి.

స్కాన్ గదిలో ఏం జరుగుతుంది?

భయపడవలసింది ఏమీ లేదు. ముందుగా రక్తంలో చక్కెర చూస్తారు. చక్కెర బాగా తగ్గినా పక్షవాతంలాగే కనబడుతుంది. మోచేతి మడత దగ్గర కొంచెం లావు సూది పెడతారు. కంట్రాస్టు మందు వేగంగా పోవాలంటే మణికట్టు దగ్గరి సన్నని నరం చాలదు. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడిగా, నోట్లో లోహం రుచిగా అనిపిస్తుంది. అది వెంటనే పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, ఇంతకు ముందు ఇలాంటి మందు పడకపోయినా ముందే చెప్పండి.

ముక్కు, చెవి ఆభరణాలు, పిన్నులు ఇంటి దగ్గర కాకపోయినా దారిలోనే తీసి ఉంచండి. పాత ముక్కుపుడకలు స్కాన్ గది గుమ్మం దగ్గర తీయడానికి చాలా సమయం పోతుంది. ఎం.ఆర్.ఐ.కి అయితే మొలతాడుకున్న తాయెత్తు, మట్టెలు కూడా ఉండకూడదు. గుండెలో పేస్‌మేకరు ఉంటే తప్పక చెప్పాలి.

సవర, కువి మాత్రమే మాట్లాడే పెద్దవారితో వారి భాష వచ్చిన బంధువు ఒకరు తప్పక వెళ్ళాలి. మాట తడబడుతోందో లేదో పట్నం డాక్టరుకు ఆ భాష రాకపోతే తెలియదు. "మా అమ్మ ఇలా మాట్లాడదు" అని చెప్పగలిగింది మీరే.

ఇంటి దగ్గర మీరు చేయవలసినవి

1. మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట తడబాటు. ఈ మూడింటిలో ఒక్కటి హఠాత్తుగా కనబడినా పక్షవాతం అనుకుని 108కి ఫోన్ చేయండి. పక్షవాతం అని స్పష్టంగా చెప్పండి. సిగ్నల్ అందిన వెంటనే మా ఆసుపత్రికీ చేయండి. మీరు డోలీ దించేలోగా సి.టి. ఉన్న ఆసుపత్రికి మేము కబురు పెడతాము.

2. చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారో ఇంట్లో, పొరుగింట్లో, కల్లంలో అందరినీ అడగండి. గడియారం లేకపోతే బస్సు, బడి గంట, రేడియో, ఏదో ఒక గుర్తు చెప్పండి. చివరిసారి చూసిన మనిషిని వెంట పంపండి. కుదరకపోతే ఆ మనిషి ఫోన్ నెంబరైనా పంపండి.

3. నీళ్ళు, గంజి, పసరు, బిళ్ళ, ఏదీ నోట్లో పోయవద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మగతగా ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

4. పావురం రక్తం రాయడానికి, వాతలు పెట్టించడానికి ఆగవద్దు. పావురం రక్తం చర్మం మీదే ఉంటుంది, మెదడుకు చేరదు. పోయిన గంట తిరిగి రాదు.

5. వాడుతున్న మందుల చీటీలు, ముఖ్యంగా రక్తం పలుచబడే మందులవి, వెంట తీసుకెళ్ళండి.

చివరిగా ఒక మాట

ఇప్పుడు మా వార్డు రిజిస్టరులో పక్షవాతం రోగి పేరు పక్కన రెండు గడులు ఎక్కువగా ఉన్నాయి. ఒకటి: "చివరిసారి బాగున్నది ఎప్పుడు?" రెండవది: "చూసింది ఎవరు?" కొత్తగా చేరిన నర్సులకు మొదటి వారంలోనే ఈ రెండు గడులు నేనే స్వయంగా చూపిస్తాను. ఆ రైతు పేరు చెప్పను. పొయ్యి దగ్గర నిప్పు అడిగిన సంగతి మాత్రం చెబుతాను.

పెద్ద ఆసుపత్రిలోని స్కాన్ మెదడు లోపల రక్తం ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. ఆ స్కాన్ దాకా మనిషిని వేళకు చేర్చడం, ఆ వేళ ఎంతో సరిగ్గా చెప్పడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈ పేజీ చదివిన తర్వాత చింపి మీ ఇంటి గోడకు అంటించండి. చదవడం రాని పొరుగువారికి ఒకసారి చదివి వినిపించండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్